పక్వత ఎవరికి, ఎప్పుడు?

సమ్మతి వయసును 18 ఏళ్ల నుంచి ఒక్క రోజు కూడా తగ్గించేది లేదని కేంద్రం సుప్రీంకోర్టుకు తేల్చిచెప్పింది. తగ్గిస్తే అక్రమ రవాణాదారులకు, అయినవారిలోనే పొంచి ఉన్న కామాంధులకు వరమవుతుందన్న భయం కొట్టిపారేయదగింది కాదు. మింగుడుపడనిది దాని పక్కనే ఉన్న మాట: మైనర్లకు లైంగిక విషయాల్లో అర్థవంతమైన సమ్మతి తెలిపే శక్తి ఉండదట!

ఈ జ్ఞానోదయం ఎప్పుడైంది? పదిహేనేళ్లు నిండిన భార్యతో భర్త సంభోగం అత్యాచారం కాదన్న శిక్షాస్మృతి మినహాయింపును నిలబెట్టాలని ఇదే కేంద్రం ఇదే కోర్టులో వాదించింది. దేశంలో 2.3 కోట్ల మంది బాలవధువులున్నారు, సంప్రదాయాన్ని కాదనలేమంది. బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం అప్పటికే కొన్నేళ్లుగా అమల్లో ఉంది. ఆ పిల్లల సమ్మతి ఢిల్లీలో ఎవరికీ గుర్తురాలేదు. చివరికి 2017 అక్టోబరులో కోర్టే ఆ వయసును 18కి పెంచాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పెళ్లిపందిట్లో పక్వత ప్రశ్న రాదు. కూతురు వేరే కులం కుర్రాడితో వెళ్లిపోయి, తండ్రి స్టేషన్ మెట్లెక్కినప్పుడే వస్తుంది.

2015 నాటి బాలల న్యాయ చట్టం మరీ విడ్డూరం. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే, మానసిక స్థాయి చూసి పెద్దవాడిగా విచారించవచ్చు. పోక్సో కింద సంభోగంతో కూడిన లైంగిక దాడి (పెనెట్రేటివ్ సెక్సువల్ అసాల్ట్) ఘోర నేరమే. అంటే ఇద్దరూ పదిహేడేళ్లవారే అయిన జంటలో అమ్మాయి ఏమీ తెలియని పసిపిల్ల, అబ్బాయి అన్నీ తెలిసిన పెద్దమనిషి! ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది దీన్ని?

పోనీ, తెలియనివారికి చెప్పారా? 2007లో పలు రాష్ట్రాలు కౌమార విద్యను నిషేధించాయి. 2009లో మన వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడిలో లైంగిక విద్యకు తావే లేదంది. పునరుత్పత్తి పాఠం రాగానే ‘ఇంటిదగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేసే మాస్టారిని ఎరగనివారెవరు?

ఇలాంటి జంటల కేసుల్లో శిక్ష వేసేటప్పుడు జడ్జి విచక్షణ చూపితే చాలన్న లా కమిషన్ సలహా పనికిరాదు. అప్పటికే కుర్రాడు జైలు చూసొస్తాడు. పదహారు, పద్దెనిమిది మధ్య దగ్గరి వయసువారి ఇష్టపూర్వక సంబంధాలకు కోర్టు సహాయకురాలు (అమికస్) ఇందిరా జైసింగ్ కోరిన మినహాయింపును కేంద్రం ఒప్పుకోవాలి. బడిలో పాఠం కూడా వెంటనే మొదలుపెట్టాలి. దానికి తొమ్మిదో తరగతి దాకా ఆగనక్కర్లేదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది.