ఆగడం నేర్చిన బండి

మోటారు సైకిలు కొనబోయే పెద్దలు మైలేజి ఎంత అని అడుగుతారు. కుర్రవాళ్లైతే వేగమెంత అని అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు. ఆ మాటకు వస్తే నేనూ అడిగినవాణ్ణి కాను. గత వర్షాకాలంలో ఒక సాయంకాలం ఆ ప్రశ్న తనంతట తానే వచ్చి నా ఎదుట నిలిచింది.

మా నాన్నగారు 1986లో కొన్న 350 సి.సి. బుల్లెట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. విజయవాడలో ఏలూరు రోడ్డు మీద వస్తున్నాను. వేగం 40 కిలోమీటర్లకు మించదు. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. ముందు బ్రేకు నొక్కాను. పిడి హ్యాండిలును తాకేంతవరకు వచ్చింది గాని, బండి మాత్రం పోతూనే ఉన్నది. ముందు భాగం ఒక్కసారిగా కుంగి, మళ్లీ పైకెగిరింది. చివరికి ఆగేసరికి నా చక్రానికీ ఆటోకూ మధ్య జానెడు సందు మిగిలింది. ఆ సందులో, ఆటో వెనుక పలక మీద కూర్చున్న ఒక బడిపిల్ల కాళ్లు వేలాడుతున్నాయి. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇంటికి వచ్చి ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఐతే ఆ రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి, “నాన్నా, కాలేజీ తెరవగానే బుల్లెట్ నాకిస్తానన్నావు, జ్ఞాపకముందా?” అన్నాడు. ఇక దాచి లాభం లేకపోయింది. జరిగింది చెప్పాను. వాడు వెంటనే, “డ్రమ్ము బ్రేకు తీసేసి డిస్కు వేయిద్దాం, ఫోర్కులు కూడా మార్చేద్దాం” అన్నాడు. పుటకింత అని లెక్కగట్టి అనువాదాలు చేసుకునే నాకు ఆ నెల మిగిలింది 6,000 రూపాయలు.

మరునాటి ఆదివారం ఊరి వెలుపల ఒక ఖాళీ రోడ్డు మీద సుద్దతో గీత గీసి, 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దాటగానే బ్రేకులు నొక్కాను. అబ్బాయి టేపుతో కొలిచాడు. మూడుసార్లు చేస్తే సగటున 18 మీటర్లు వచ్చింది. ఆ అంకెను చీటీ మీద వ్రాసుకుని ఆటోనగరులో మా పాత మేస్త్రి దగ్గరకు వెళ్లాము.

డిస్కుతో సహా ముందు భాగమంతా మార్చడానికి 17,000 రూపాయలు కావచ్చునని ఆయన అంచనా చెప్పాడు. నా ముఖం చూసి కాబోలు, తరువాత ఇలా అన్నాడు: “డిస్కు వేయమంటే వేస్తాను మాస్టారూ, నాకేం? కాని ఈ బండి అసలు బ్రేకు మీరింకా చూడలేదు. చెడిపోయిన బ్రేకునే చూస్తున్నారు.”

ఈ వ్యాసమంతటికీ ఆ ఒక్క మాటే మూలం. తక్కువ డబ్బుతో పాత బండిని బాగుచేసుకోదలచినవారు కొత్తది తగిలించే ముందు, ఉన్నది ఉండవలసిన స్థితిలో ఉన్నదో లేదో చూసుకోవాలి. బ్రేకు అనేది చక్రంలోని వస్తువు మాత్రమే కాదు. వేళ్ల నుండి పిడికి, పిడి నుండి కేబులుకు, కేబులు నుండి షూలకు, డ్రమ్ముకు, ఫోర్కులకు, టైరుకు, చివరకు రోడ్డుకు పోయే గొలుసు అది. గొలుసు బలం దానిలోని బలహీనమైన లంకె బలమే గదా!

బ్రేకు గూర్చి అడిగితే ఫోర్కుల మాట ఎందుకు వచ్చిందని కొందరికి సందేహం కలుగవచ్చు. నిలకడగా ఉన్నప్పుడు బండి బరువును రెండు చక్రాలూ దాదాపు సగం సగంగా మోస్తాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ బరువు ముందుకు ఒరిగి, ముందు చక్రం సుమారు 80 శాతం దాకా మోయవలసి వస్తుంది. కనుక ఆపే శక్తి అంతా ఇంచుమించు ముందు టైరులోనే ఉన్నది. ఆ టైరును నేలకు అదిమి ఉంచే పని ఫోర్కులది. లోపలి నూనె పాడైతే ఫోర్కు ఒక్కసారిగా కుంగి తిరిగి ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో టైరుకు పట్టు తగ్గుతుంది. అప్పుడు ఎంత గొప్ప బ్రేకు ఉన్నా చక్రం జారడానికే పనికివస్తుంది.

ఫోర్కు గొట్టంలో స్ప్రింగు ఒకటి, దాని ఆవేశాన్ని అణచే నూనె ఒకటి ఉంటాయి. నూనె సన్నని రంధ్రాల గుండా దూరిపోవలసి రావడం వలన కుదుపు నెమ్మదిస్తుంది. ఇట్టి నూనె ఫోర్కును 1935లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన బండ్లకు అమర్చింది. నేటికీ సూత్రం అదే. మా బండి ఫోర్కుల నుండి కారిన నూనె టీ డికాక్షనుకంటె నల్లగా, అడుగున బురదతో ఉన్నది. ఒక కాలిలో ఉన్నదానికి రెండవదానిలో సగం కూడా లేదు. ఆయిల్ సీలు అరిగి, కారిన నూనె మెల్లగా బ్రేకు వైపు దిగుతున్నది.

ఇక్కడ మేస్త్రి చేసిన పనులు ఎవరైనా చేయించుకోదగినవి. గొట్టాలు విప్పి, అద్దపు పలక మీద దొర్లించి, వంకర ఉన్నదేమో చూశాడు. సీలు తాకే చోట తుప్పు పొక్కులున్నాయేమో గోటితో తడిమాడు. పొక్కులున్న గొట్టానికి ఎన్ని కొత్త సీళ్లు వేసినా నెల తిరగకుండా కారుతుంది. మా అదృష్టం కొద్దీ గొట్టాలు బాగున్నాయి. కంపెనీ పుస్తకంలో చెప్పిన చిక్కదనం గల నూనెను, చెప్పినంత కొలతతో, రెండు కాళ్లలోనూ సమంగా పోశాడు. కంటితో అంచనా వేయక, కొలగ్లాసు వాడాడు.

స్ప్రింగు నీరసించిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇంజను కింద దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఇరుసు నుండి దీపపు గూటి వరకు టేపుతో కొలవాలి. తరువాత బండిని నేలమీద నిలిపి, నడిపేవారు ఎక్కి కూర్చున్నప్పుడు మళ్లీ కొలవాలి. ఫోర్కు మొత్తం కదలిక 130 మిల్లీమీటర్లు అనుకుంటే, ఈ రెండు కొలతల తేడా 35, 40 మిల్లీమీటర్లు ఉండటం సబబు. మరీ ఎక్కువైతే స్ప్రింగు పైన ఒక చిన్న ఉక్కు గొట్టపు ముక్క పెట్టి కొంత సర్దవచ్చు. ఐతే దానివలన స్ప్రింగు గట్టిపడదు, బండి నిలిచే ఎత్తు మాత్రమే మారుతుంది. పొడవు తగ్గిపోయిన స్ప్రింగును మార్చడమే మందు.

పనిలో పనిగా హ్యాండిలు మెడలోని కోన్‌సెట్టు కూడా చూశాడు. చక్రం గాలిలో ఉండగా హ్యాండిలును అటూ ఇటూ తిప్పితే, మధ్యలో ఎక్కడో గంటు పడినట్లు ఆగుతున్నది. బేరింగు గుళ్లు తమ గిన్నెలలో గుంటలు చేసుకున్నాయన్నమాట. అదీ మార్పించాము.

తరువాత బ్రేకు సంగతి. డ్రమ్ములో రెండు షూలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తిరిగే డ్రమ్ము తన వైపుకే లాక్కుంటుంది. కనుక అది మనం నొక్కినదానికంటె గట్టిగా పట్టుకుంటుంది. రెండవదాన్ని డ్రమ్ము తోసివేస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలోని పేర్లకు నేను పురోగామి, అనుగామి అని ఏవో మాటలు కల్పించి చెప్పబోతే మేస్త్రి నవ్వి, “ఒకటి పట్టే షూ, ఒకటి జారే షూ, అంతే మాస్టారూ” అన్నాడు. అంతకంటె మంచి అనువాదం నేను చేయలేను. కొన్ని బండ్లకు రెండూ పట్టే షూలే అయ్యేట్లు అమరిక ఉంటుంది. అది మరింత బలమైనది. కాని బండి వెనక్కు జారేటప్పుడు ఆ రెండూ జారే షూలుగా మారిపోతాయి. అట్టివారు ఎత్తురోడ్డు మీద ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోరాదు.

మా షూల లైనింగు నూనె పీల్చి అద్దంలా మెరుస్తున్నది. నూనె తాగిన లైనింగును కడిగి వాడుకోవాలని చూడటం పొదుపు కాదు. పైగా పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ ధూళిని గాలి గొట్టంతో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి పారవేయాలి. డ్రమ్ము కూడా గుండ్రదనం తప్పి ఉన్నదని తేలితే, చక్రంతో సహా లేతు మీద పెట్టించి సన్నగా తీయించాము. దీనికి ఒక హద్దున్నది. డ్రమ్ముకు కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ కొలత దాటితే ఇక దాన్ని వాడరాదు.

అసలు రహస్యం చివరలో బయటపడింది. బ్రేకు పట్టినప్పుడు కేబులూ, చక్రం దగ్గరి చిన్న చేతి కడ్డీ ఒకదానికొకటి లంబంగా ఉండాలి. లైనింగు అరిగిన కొద్దీ ఆ కడ్డీ కోణం దాటిపోతుంది, మన బలం వృథా అవుతుంది. గతంలో ఎవరో షూలు మార్చక, కడ్డీని ఒక పన్ను జరిపి తగిలించారు. పైకి బ్రేకు సరిగా ఉన్నట్లే కనిపించింది. లోపల అరుగుదల మాత్రం కప్పబడింది. కొత్త షూలు, కొత్త కేబులు వేసి, కడ్డీని తన పంటికే తెచ్చాడు మేస్త్రి. ఇరుసు నట్టును కొంచెం వదులుచేసి, చక్రం తిప్పి, బ్రేకు పట్టి ఉంచి, అప్పుడు నట్టు బిగించాడు. షూలు డ్రమ్ము నడుమ సరిగా కుదురుకోవడానికి పైసా ఖర్చు లేని ఉపాయమిది.

మరి డిస్కు అనవసరమా అంటే, కాదు. 1969లో హోండా సి.బి. 750 వచ్చిన తరువాత పెద్ద బండ్లన్నీ క్రమంగా డిస్కు దారి పట్టడానికి కారణాలున్నాయి. డిస్కు గాలిలోనే తిరుగుతుంది కనుక తొందరగా చల్లబడుతుంది. డ్రమ్ములో చేరిన నీరు ఎండడానికి సమయం పడుతుంది; డిస్కు మీది నీటిని ప్యాడ్లు వెంటనే తుడిచివేస్తాయి. ఘాటురోడ్లలో తరచు తిరిగేవారు, ఇద్దరు మనుషులతో దూరప్రయాణాలు చేసేవారు డిస్కు వేయించుకోవడం సమంజసమే.

అట్టివారు మూడు విషయాలు మరువరాదు. మొదటిది, వీలైతే అదే కంపెనీ తరువాతి బండి నుండి ఫోర్కు, చక్రం, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ ఒకే జతగా తీసుకోవాలి. ఒక బండి మాస్టర్ సిలిండరుకు మరొక బండి క్యాలిపర్ కలిపితే పిస్టన్ల నిష్పత్తి కుదరక, పిడి రాయిలా గట్టిగానో దూదిలా మెత్తగానో ఉంటుంది. దిల్లీ కరోల్ బాగ్‌లో, చెన్నై పుదుపేటలో, బెంగుళూరు జె.సి. రోడ్డులో వెదికితే పాత భాగాలు దొరుకుతాయి. కాని ప్రమాదంలో దెబ్బతిన్న బండి ఫోర్కు కాదని అద్దపు పలక మీద రుజువు చేసుకున్న తరువాతే డబ్బివ్వాలి. రెండవది, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకొకసారి మార్చాలి. మూడవది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థతోనూ ముందుగా విచారించుకోవడం క్షేమం.

ఇక ఖర్చు లెక్క. సీళ్లు 180, ఫోర్కు నూనె 350, కోన్‌సెట్టు 450, షూలు 420, కేబులు 160, లేతు పని 500, మేస్త్రి కూలి 1,400. వెరసి 3,460 రూపాయలు. మిగిలినదానితో 2,600 పెట్టి ముందు టైరు కొన్నాను. పాతదాని గాళ్లు అరగకపోయినా, ఏళ్లు గడిచి రబ్బరు ఎముకలా గట్టిపడింది. 6,000 హద్దు 60 రూపాయలు దాటింది. ఆ అరవైకి విచారించలేదు.

కొత్త షూలు డ్రమ్ముకు ఒదిగేవరకు 200 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, మళ్లీ అదే రోడ్డుకు, అదే సుద్దగీతకు వెళ్లాము. అదే 40 కిలోమీటర్ల వేగం. ఈసారి 11 మీటర్లలో ఆగింది. తేడా 7 మీటర్లు, అంటే రెండు ఆటోల పొడవు కంటె ఎక్కువ. నాకు ఆ బడిపిల్ల కాళ్లు గుర్తుకొచ్చాయి.

అబ్బాయి సంబరపడి, తాళంచెవి కోసం చేయి చాచాడు. ఇంకొక లెక్క ఉన్నదని వాడిని సుద్దగీత దగ్గర కూర్చోబెట్టాను. 40 కిలోమీటర్ల వేగంలో బండి క్షణానికి, అంటే ఒక్క సెకనుకు, 11 మీటర్లు పోతుంది. ఎదుట ప్రమాదం కనబడి, వేళ్లు బ్రేకును నొక్కడానికి ఆ సెకను పడుతుందనుకుంటే, ఆగడానికి పట్టేది 11 కాదు, 22 మీటర్లు. మేస్త్రి తగ్గించగలిగినది రెండవ సగమే. మొదటి సగం నడిపేవాడి కంటిలో, చూపులో, దూరం పాటించడంలో ఉన్నది. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా కాపాడే ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. మా 1986 బండికి ఆ రక్ష లేదు. దాని బదులు వేళ్లకే నేర్పాలి: ఒక్కసారిగా గుంజకుండా, మొదట మెత్తగా పట్టి, బరువు ముందుకు ఒరిగిన తరువాత గట్టిగా నొక్కడం.

అందుచేత కాలేజీ తెరిచేలోపు ఆదివారాలన్నీ ఆ ఖాళీ రోడ్డు మీదనే గడిచాయి. టేపు పట్టుకునే పని ఇప్పుడు నాది. మొన్న వాడు 12 మీటర్లలో ఆపాడు. తాళంచెవి ఇచ్చాను. దానితోపాటు, వచ్చే నెల అనువాదపు డబ్బుతో కొందామనుకున్న హెల్మెట్టును ముందుగానే అప్పుచేసి కొని ఇచ్చాను.