గడియారం నాడి చూస్తే సరే, మన చెయ్యి పట్టేదెవరు?

వైద్యంలోకి చిన్న చిన్న యంత్రాలు వచ్చి చేరాయి. వేలికి తగిలించే క్లిప్పు ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ముంజేతికి కట్టుకునే గడియారం గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెడుతుంది. జబ్బకు అంటించుకునే బిళ్ళ రెండు వారాల పాటు చక్కెర లెక్కను ఫోనుకు పంపుతుంది. పట్నం డాక్టర్లు ఈ లెక్కలు చూసి మందులు మారుస్తున్నారు.

ఇదంతా డబ్బున్నోళ్ళ ముచ్చట, మనకెందుకని తీసిపారేయకండి. మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలోకి కూడా ఇవి వచ్చేశాయి. 2021 కరోనా నాటికే వేలి క్లిప్పు మన పాళేలకు తెలిసిన వస్తువైంది. కువైట్ పోయిన బిడ్డలు సెలవుకొచ్చేటప్పుడు అమ్మకు చీరతో పాటు గడియారమూ తెస్తున్నారు. వచ్చినదాన్ని ఎట్టా వాడుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది మనమే తేల్చుకోవాలి. మన తరఫున ఇంకొకరు తేలిస్తే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా?

ముందే ఒక మాట. యంత్రం మీద మనకు పగ లేదు. గాంధీ గారు యంత్రాన్ని అనుమానించిన రోజుల్లో బాబాసాహెబ్ దాన్ని వెనకేసుకొచ్చారు. మనిషికి గొడ్డుచాకిరీ తప్పి, తీరిక దొరికి, బుద్ధి పెరగాలంటే యంత్రం కావాలన్నారు. ఆయనే చివరి ఏళ్ళలో చక్కెర జబ్బుతో బాధపడ్డారు. ఇంట్లో కూర్చుని రక్తం చూసుకునే యంత్రం ఆ రోజుల్లో లేదు. ఇప్పుడుంది. అది మంచిదే. మన తగువు యంత్రంతో కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరిని కొలుస్తోంది, కొలిచాక ఏం చేస్తున్నారు అన్న దాంతోనే.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఒక సంగతి చెప్పారు. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. రాసింది కాఠియవాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. ఆయన భార్య ప్రసవమైన రెండు రోజులకు జబ్బుపడింది. ఊపిరి ఆడటం లేదు. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషుల చేత చెప్పించి, రెండు రూపాయలు ఫీజుకు హామీ ఇప్పించాక, ఆమెను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. రెండు రోజుల బాలింతను మంచంలోంచి లేపి బయటికి తెచ్చారు. అప్పుడు డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు. పంతులు భార్యకు పెట్టి, మళ్ళీ అదే దారిన వెనక్కి పంపాడు. డాక్టరు దీపం వెలుగులో లెక్క చూసి, న్యుమోనియా అని చెప్పి వెళ్ళిపోయాడు. మందు పంపాడు గానీ మళ్ళీ రమ్మంటే రాలేదు. ఆ తల్లి చనిపోయింది.

అన్నలారా, అక్కలారా, ఒకటి గమనించండి. ఆ థర్మామీటరులో లోపం లేదు. అది జ్వరాన్ని సరిగ్గానే కొలిచింది. డాక్టరు జబ్బు పేరు కూడా చెప్పాడు. కానీ ఆ గాజు గొట్టం డాక్టరుకూ రోగికీ మధ్య దూరాన్ని చెరపలేదు. ముట్టుకోకుండానే వైద్యం చేశాననిపించుకునే వీలు ఆ డాక్టరుకిచ్చింది. ఈ సంగతి పట్టుకుంటే ఇప్పటి గడియారాల సంగతి సగం అర్థమైనట్టే.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడున్న గుండె డాక్టరు మన పాళెంలో ముసలమ్మ గుండె లయను తెరమీద చూడగలిగితే ఆమెకు బస్సు చార్జీలు, రోజు కూలి మిగుల్తాయి. అది మేలే. కానీ తెరమీద చూశాం గదా అని ఇక్కడ ఉండాల్సిన డాక్టరు పోస్టు ఖాళీగా వదిలేస్తే, నర్సమ్మను తగ్గిస్తే, అది మేలు కాదు. 1929 నాటి థర్మామీటరే కొత్త వేషంలో వచ్చినట్టు. యంత్రం డాక్టరును దగ్గరకు తెస్తుందా, దూరంగా ఉంచుతుందా? ప్రతిచోటా మనం వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రెండో ప్రశ్న: ఆ యంత్రం మనల్ని సరిగ్గా కొలుస్తోందా?

వేలి క్లిప్పు పనిచేసే తీరును 1970లలో జపాన్ ఇంజనీరు టకువో అయొయాగి కనిపెట్టారు. ఎర్ర వెలుతురును, కంటికి కనపడని ఇంకో వెలుతురును వేలిలోంచి పంపుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒకరకంగా, లేని రక్తం ఇంకోరకంగా ఆ వెలుతురును మింగుతుంది. మిగిలిన వెలుతురును బట్టి లెక్క కడుతుంది. కానీ వెలుతురు ముందు చర్మం దాటాలి గదా! చర్మంలోని నలుపు కూడా వెలుతురును మింగుతుంది. 2020 డిసెంబరులో అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీ వైద్యులు దీన్ని లెక్కలతో బయటపెట్టారు. క్లిప్పు 92 నుంచి 96 దాకా చూపించిన రోగుల రక్తం తీసి పరీక్షిస్తే కొందరికి నిజంగా 88 కంటే తక్కువుంది. అట్టా మోసపోయిన లెక్కలు తెల్లవాళ్ళలో నూటికి 3.6, నల్లవాళ్ళలో 11.7. మూడింతలకు పైగా! ఆక్సిజన్ పెట్టాల్సిన మనిషిని బాగానే ఉన్నావు పొమ్మని పంపేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

యంత్రానికి కులమూ జాతీ తెలియవు. నిజమే. మరి ఇదెట్టా జరిగింది? అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో పెట్టిన పద్ధతి ప్రకారం క్లిప్పును పది మంది మీద పరీక్షిస్తే చాలు, వాళ్ళలో ముదురు రంగు వాళ్ళు ఇద్దరుంటే చాలు. పదిమందిలో ఇద్దరు! లెక్కలోకి మనిషిని తీసుకోకపోతే ఆ మనిషిని యంత్రం కూడా తీసుకోదు. మొదటి నుంచీ జనాభా లెక్కల కోసం, రిజర్వేషన్ల కోసం కొట్లాడుతున్న మనకు ఈ ముక్క అందరికంటే తొందరగా అర్థమవుతుంది. 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థ క్లిప్పుల మీద హెచ్చరిక ఇచ్చింది. 2025 జనవరిలో పరీక్షలో ఎక్కువమంది ఉండాలని, అన్ని రంగుల చర్మాల మీదా చూడాలని కొత్త ముసాయిదా తెచ్చింది. అడిగితేనే వచ్చింది, ఊరికే రాలేదు.

అమెరికా నల్లవాళ్ళ లెక్క అట్టాగే మన లెక్క అని నేను చెప్పడం లేదు. చర్మం రంగూ కులమూ ఒకటే అనీ చెప్పడం లేదు. కానీ ఎండలో ఉపాధి పని చేసే మనిషి, పొగాకు బ్యారన్ దగ్గర కాగే మనిషి చెయ్యి ఎట్టా ఉంటుందో చూడండి. చర్మం మందం, వేలి చల్లదనం, గోళ్ళ రంగు కూడా లెక్కను తప్పిస్తాయని ఆ హెచ్చరికలోనే ఉంది. మట్టి పనికి కాయలు కాసిన వేలును ఆ క్లిప్పు చేసినవాడు ఎన్నడైనా చూశాడా? అడగాల్సిన ప్రశ్న అది.

ఇంకో ముక్క మన ఆడవాళ్ళ కోసం. మా బళ్ళో ఒక పిల్ల ప్రార్థనలో కళ్ళు తిరిగి పడింది. వేలికి క్లిప్పు పెడితే 98 చూపించింది. అంతా బాగుందన్నారు. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 దాటలేదు. ఇందులో క్లిప్పు అబద్ధం ఆడలేదు. ఉన్న రక్తంలో ఆక్సిజన్ నిండిందా లేదా అన్నదే అది చూస్తుంది. అసలు రక్తమెంతుందో చూడదు. బిందెలు నిండాయా అంటే నిండాయంటుంది, ఎన్ని బిందెలున్నాయో అడిగితే చెప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అట్టాంటి దేశంలో 98 చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

బజారులో రెండు మూడు వేలకు దొరికే గడియారాలు కొన్ని సూది గుచ్చకుండానే చక్కెర చెబుతామంటున్నాయి. నమ్మకండి. అట్టాంటి గడియారానికి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా సంస్థ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఆ లెక్క చూసి మాత్ర మానేసినా, ఎక్కువ వేసుకున్నా ప్రాణం మీదికొస్తుంది. జబ్బకు అంటించే బిళ్ళ వేరు. దానికి చర్మం లోపలికి పోయే సన్నని తీగ ఉంటుంది, అది నిజంగా కొలుస్తుంది. కానీ రెండు వారాలకొకటి మార్చాలి, ప్రతిసారీ వేలల్లో ఖర్చు. కూలినాలి చేసుకునే మనిషికి అది అందేదెప్పుడు?

మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది. ఈ గడియారం ఎవరి మేలు కోసం?

డబ్బున్న మనిషి చేతికి కట్టుకున్న గడియారం ఆయన గుండెను కాపలా కాస్తుంది. లయ తప్పితే హెచ్చరిస్తుంది. మరి మనోళ్ళ చేతికి కట్టిన గడియారమో? చండీగఢ్, పంచకుల, నాగపూర్ లాంటి నగరాల్లో పారిశుధ్య కార్మికుల చేతికి గడియారాలు కట్టారు. గుండె చూడటానికి కాదు. మనిషి ఎక్కడున్నాడో, పని చేస్తున్నాడో లేదో ఆఫీసులో కూర్చుని తెరమీద చూడటానికి. 2020లో చండీగఢ్‌లో కార్మికులు దీనిమీద రోడ్డెక్కారు. ఊడ్చే చేతులు ఏ కులాలవో మీకు తెలుసు. వస్తువు ఒక్కటే. ఒక చేతికి అది వైద్యుడు, ఇంకో చేతికి అది మేస్త్రీ.

ఇదే మనోళ్ళకు అవసరమైన యంత్రం ఇంకోటుంది. మురుగు గుంతల్లో విషవాయువుంటే మోత మోగించే చిన్న పెట్టె, నడుముకు తగిలించుకునేది. నూనె శుద్ధి కర్మాగారాల్లో అది మామూలు వస్తువు. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చచ్చిన మనోళ్ళలో ఎంతమంది నడుముకు ఉంది? అసలు మనిషిని అందులో దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. చచ్చినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో చెప్పింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ చాకిరీ పోవాలనే జీవితమంతా తిరుగుతున్నారు. పెట్టె కట్టి దించమని నేను అడగను. దించొద్దు, యంత్రంతోనే తీయించండి అంటాను. నేను చెప్పేదల్లా ఒక్కటే: పని లెక్కపెట్టడానికి చేతికి గడియారం కొనేందుకు డబ్బుంటుంది, ప్రాణం కాపాడటానికి మాత్రం ఉండదు.

ఇంకో సంగతి మరవొద్దు. కొలవడం వేరు, కుదర్చడం వేరు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోతున్నాయని మన దేశంలో మొదట తేల్చింది 1937లో. ఎక్కడనుకున్నారు? మన నెల్లూరు జిల్లాలోనే, మద్రాసు ప్రభుత్వ కాలంలో. దగ్గర దగ్గర తొంభై ఏళ్ళాయె. కొలిచారు, రాశారు, పుస్తకాల్లో కెక్కించారు. పక్కనే సోమశిల నిండుతుంది. మన మెట్ట పాళేల్లో మాత్రం పళ్ళమీద పసుపు గారలు, వంగిన నడుములు ఇంకా కనపడుతున్నాయి. మంచినీళ్ళు ఇవ్వకుండా ముంజేతికి ఎన్ని గడియారాలు కడితే ఏం లాభం?

కాబట్టి మన సంఘాలు గ్రామసభల్లో, ఆసుపత్రి కమిటీల్లో అడగాల్సినవి ఇవి. ఆశా కార్యకర్త సంచిలో వేలి క్లిప్పు, బీపీ మిషను, చక్కెర మిషను ఉండాలి. వాటికి బ్యాటరీలు, స్ట్రిప్పులు సర్కారే ఇవ్వాలి, ఆమె జీతంలోంచి కాదు. 2021 జులైలో ఈ చిన్న యంత్రాల మీద వ్యాపారుల లాభానికి కేంద్రం 70 శాతం హద్దు పెట్టింది. అంటే సర్కారు తలుచుకుంటే ధర తగ్గించగలదు. సర్కారు కొనే క్లిప్పును మన రంగు మనుషుల మీద ఎంతమందిపై పరీక్షించారో తెలుగులో పెట్టెమీద రాయాలి. లెక్క తప్పితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు అన్నది ముందే రాసి పెట్టాలి. మన ఒంటి లెక్కలు మనల్ని అడక్కుండా కంపెనీకి గానీ, పని ఇచ్చేవాడికి గానీ పోకూడదు. పనివాడి చేతికి బలవంతంగా గడియారం కట్టకూడదు.

మనం ఇంట్లో చేయాల్సినవీ ఉన్నాయి. క్లిప్పు పెట్టేముందు చెయ్యి రుద్ది వెచ్చబరచండి, గోరు రంగు తీయండి, కదలకుండా కూర్చుని లెక్క నిలబడేదాకా ఆగండి. ఒక్కసారి చూసింది నమ్మకుండా పొద్దున, సాయంత్రం కాగితం మీద రాసుకోండి. 94 కంటే దిగితే ఆసుపత్రికి కదలండి. లెక్క బాగున్నా ఆయాసం, గుండెల్లో నొప్పి, పెదవులు నీలమెక్కడం ఉంటే ఇక లెక్క చూడొద్దు, 108కి ఫోను చేయండి. మీ ఒళ్ళు చెప్పేదాన్ని మించిన యంత్రం లేదు.

ఈ మెట్టలోనే దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుని సారాయి మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతా సారాయి ఆగింది. వాళ్ళ చేతికి ఏ గడియారమూ లేదు. చదవడం నేర్చుకున్నారు, చదివింది ప్రశ్నించారు. ఇప్పుడు మనం చదవాల్సిన కొత్త అక్షరాలు తెరమీది అంకెలు. ఆ అంకె ఎవరిది, ఎవరి కోసం, అది పడిపోతే ఎవరొస్తారు? బాలింతను మంచంలోంచి లేపి వాడ బయటికి తెమ్మనే వైద్యం మనకొద్దు. వాడలోకి నడిచొచ్చి, చెయ్యి పట్టుకుని నాడి చూసే వైద్యం కావాలి. ఆ వచ్చినవాళ్ళ చేతిలో యంత్రముంటే మరీ మంచిది.

జై భీం!