పేవర్ బ్లాకులు ఎందుకు కుంగాయో మా నాన్నలను అడగాల్సింది

 

సోమశిల వైపు మేం ఉంటున్న హాస్టల్‌లో గేటు నుంచి మెస్ దాకా ఎండాకాలం సెలవుల్లో పేవర్ బ్లాకులు వేశారు. జూన్‌లో వచ్చి చూసి సంబరపడ్డాం, ఇక చెప్పులు చేతపట్టుకుని బురదలో నడిచే బాధ తప్పిందని. దసరా సెలవులు వచ్చేసరికి బియ్యం లారీ చక్రాలు పోయే చోట రెండు చాళ్లు పడ్డాయి. అంచు బ్లాకులు పక్కకు జరిగి వేలు దూరేంత సందులొచ్చాయి. మెస్ ముందు నీళ్లు నిలుస్తున్నాయి. చీకట్లో కంచాలు పట్టుకొచ్చే చిన్న తరగతుల తమ్ముళ్లు తట్టుకుని పడుతున్నారు.

ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "బ్లాకు నాసిరకం." మేమూ ఫోటోలు తీసి అదే రాశాం. ఇప్పుడు ఆ మాట దిద్దుకుంటున్నాం. పగిలినవి నాలుగో ఐదో. మిగతావి గట్టిగానే ఉన్నాయి, కిందికి దిగిపోయాయంతే.

మాలో ఒకరి నాన్న హైదరాబాద్‌లో ఏళ్లపాటు ఫుట్‌పాత్‌లకు ఇవే బ్లాకులు పరిచిన మనిషి. పండక్కి ఇంటికి పోయినప్పుడు ఫోటో చూపిస్తే, "రోలర్ తిప్పిన్రా? డస్ట్ ఎంత మందం పోసిన్రు?" అని రెండే రెండు ప్రశ్నలు అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చి, వార్డెన్ సార్‌కు చెప్పి, రెండు చోట్ల బ్లాకు లేపి స్కేలు పెట్టాం. ఒకచోట డస్ట్ 3 సెంటీమీటర్లు, చాలు పడిన చోట 10. కంకర పొర లేనే లేదు. మెరక కోసం పోసిన కొత్త మట్టి, దాని మీద డస్ట్, దాని మీద బ్లాకు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఆ పరుపు పొర 2 నుంచి 4 సెంటీమీటర్లే ఉండాలి. కింద మట్టం చేసే పని కంకరది, రోలర్‌ది. గుంతలను డస్ట్‌తో పూడిస్తే పైకి సాపుగా కనిపిస్తుంది, బిల్లూ అవుతుంది. బండి ఎక్కాక మందం ఉన్నచోట ఎక్కువ దిగుతుంది, లేనిచోట తక్కువ దిగుతుంది.

ఇంకో సంగతి. బ్లాకులు విడివిడి ముక్కలు. సందుల్లో బిగిసిన ఇసుకే ఒకదాని బరువును పక్కదానికి పంచుతుంది. మా దగ్గర ఒక్కసారి ఇసుక చల్లి ఊడ్చారు. అంచుకు కెర్బ్ రాళ్లు పెట్టలేదు. అంచు కదిలితే వరుసలన్నీ సడలతాయి, ఇసుక జారుతుంది, ఆ దారిన నీళ్లు కిందికి దిగుతాయి. నానిన మట్టి సంగతి సోమశిల వాళ్లకు చెప్పాలా? శ్రీశైలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు పైకి పెచ్చు కట్టి ఎండినట్టే ఉంటుంది, కాలు పెడితే పిక్కల దాకా పోతుంది.

మందం కూడా కొలిచాం, 60 మిల్లీమీటర్లు. ఐఎస్ 15658 ప్రకారం అది తేలిక బండ్లకు. లారీ, నీళ్ల ట్యాంకర్ తిరిగే దారికి 80 అయినా వేయాల్సింది.

కాంట్రాక్టర్‌ను తిట్టడం సులువు, తిట్టాల్సిందే కూడా. కానీ మా కోపం వేరే. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మన తాతలు మట్టి మోశారు. ఊళ్లకు ఊళ్లు రోడ్లేసిన మన నాన్నలను మన తండాలో పని జరిగితే కూలికి పిలుస్తారు, "ఇట్ల చాలా?" అని మాత్రం అడగరు. మేమూ అడగలేదు. ఇంజనీరింగ్ చదివే అన్నకు ఫోన్ చేశాం గానీ ఇంట్లో ఉన్న మనిషి గుర్తుకు రాలేదు. సిగ్గుగానే ఉంది.

2018లో చాలా తండాలు పంచాయతీలయ్యాయి. అక్కడా ఇవే బ్లాకులు పరుస్తున్నారు. బ్లాకు పడ్డాక కింద ఏముందో కనబడదు కాబట్టి కంకర పోసే రోజే పోయి నిలబడాలి. పని అయిపోయినా దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) కాగితాలు చూడటానికే కాదు, పనిని పరిశీలించడానికి, వాడిన సామాను నమూనా ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా హక్కు ఇస్తుంది.

మేం ఎస్టిమేట్, ఎం-బుక్ నకళ్లు, పని పరిశీలన కోరుతూ దరఖాస్తు పెట్టాం. జవాబుకు 30 రోజుల గడువు. పరిశీలన రోజు ఆ నాన్న వస్తానన్నాడు. ఆ రోజు కూలి పోయినా ఫరవాలేదట, టేపు కూడా తనే తెస్తాడట.