ఫైవ్ నైన్ అబద్ధమే, అయితే ఏంటి?

హ్యామ్ రేడియో పోటీలంటే రేడియో మిత్రుల్లోనే చాలామందికి చిన్నచూపు. "అదేం మాట్లాడుకోవటం? కాల్ సైన్ చెప్పటం, ఫైవ్ నైన్ అనటం, పారిపోవటం" అంటారు. కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాళ్ళకి వీళ్ళిచ్చే సలహా ఒకటే. ముందు రెండేళ్ళు లోకల్ నెట్‌లో కూర్చుని మర్యాదలు నేర్చుకో, పోటీల సంగతి తర్వాత చూద్దువు గాని అని. నాకైతే ఇది తలకిందుల సలహా అనిపిస్తుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సీక్యూ వరల్డ్ వైడ్ అని ఏటా ఒక పెద్ద పోటీ జరుగుతుంది. మాటలతో ఆడేది అక్టోబరు చివరి వారాంతంలో, మోర్స్‌తో ఆడేది నవంబరు చివర్లో. మొత్తం 48 గంటలు. మన లెక్కన శనివారం పొద్దున అయిదున్నరకి మొదలు, సోమవారం అదే టైముకి ఆఖరు. లాగ్ మాత్రం యూటీసీలోనే రాయాలి (టైంజోన్ బగ్గులతో వేగేవాళ్ళకి వేరే చెప్పాలా!). ఎదుటివాడికి సిగ్నల్ ఎలా వినిపిస్తోందో, మన జోన్ నంబరెంతో చెప్పాలి. మనది 22. వేరే ఖండమైతే 3 పాయింట్లు, మన ఖండంలోనే వేరే దేశమైతే 1, మనవాళ్ళతో అయితే సున్నా. కొత్త దేశం, కొత్త జోన్ తగిలినప్పుడల్లా పాయింట్లని హెచ్చవేసే అంకె పెరుగుతుంది.

మా పిన్ని కొడుకు అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికీ కాల్ సైన్ వచ్చింది. ఉరవకొండ పక్క మా ఊళ్ళో డాబా మీద వెదురు బొంగుకి 22 అడుగుల తీగ కట్టి, 15 మీటర్ల బ్యాండులో మొదటిసారి పోటీకి దిగాడు. పది నిమిషాలకే పేచీ. "అన్నా, వాడు చెప్పింది సగం గూడా ఇనపడల్యా. వానికి ఫైవ్ నైన్ అని ఎట్ల చెప్పేది? అబద్ధం కాదా?"

అబద్ధమే. అందరూ అందరికీ ఫైవ్ నైనే ఇచ్చుకుంటారు. మన భాషలో చెప్పాలంటే అది హెడర్. జోన్ నంబరు కూడా చాలాసార్లు సాఫ్ట్‌వేరే ముందుగా నింపేస్తుంది. ఇక మిగిలిన అసలు సరుకు కాల్ సైన్. పోటీ అయ్యాక నిర్వాహకులు వచ్చిన లాగులన్నీ కంప్యూటర్లో ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. ఒక్కక్షరం తప్పు రాసుకున్నా ఆ కాంటాక్టు పోతుంది, పైన జరిమానా కూడా. లోకల్ నెట్‌లో రెండేళ్ళు కూర్చున్నా నీ చెవి ఎంత తప్పు వింటోందో లెక్కగట్టి చెప్పేవాడెవడు?

అసలు మా పక్క వినటమే ఒక పని. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఎండిన ఎర్రమట్టి, కింద రాయి. నిలువు ఏరియల్ పెడితే కింద తీగలు బోలెడు పరవాలి, లేకపోతే సగం పవరు మట్టిపాలు. దుమ్ము పట్టిన ఇన్సులేటర్లు చిటపటలాడుతుంటాయి, బోరు మోటార్ల స్టార్టర్లు సరేసరి. కరెంటు పోతే ఊరంతా తిట్టుకుంటుంది, మేం మాత్రం బ్యాటరీకి మారి పండగ చేసుకుంటాం :) తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం వంగి అడుగడుగూ వెతుకుతారు చూడండి, ఆ గరగరలో సన్నని స్టేషన్ని పట్టుకోవటం అచ్చంగా అలాగే ఉంటుంది.

ఇక మర్యాదలు. పంపేముందు విను. ఖాళీగా ఉందనిపించినా "ఈ ఫ్రీక్వెన్సీ ఎవరైనా వాడుతున్నారా" అని అడుగు. నీ కాల్ సైన్ పూర్తిగా, ఒక్కసారి చెప్పు. అతను వేరేవాడికి జవాబిస్తే నోరు మూసుకో. 30, 17, 12 మీటర్ల బ్యాండుల్లో పోటీ ఆడరు. పోటీలు పడనివాళ్ళ కోసం వదిలేసిన చోటు అది. ఇందులో చాలావరకు చట్టం కాదు, ఆచారం. 1971లో హవాయిలో అలోహానెట్ పెట్టినప్పుడు ఇద్దరు ఒకేసారి పంపితే రెండు ప్యాకెట్లూ పోయేవి. విని పంపటమనేది నెట్‌వర్కులకి ఆ తర్వాత వచ్చిన తెలివి.

పుస్తకంలో చదివితే అబ్బనిది ఇంకొకటుంది. ఇలాంటి పోటీల్లో యూరప్‌వాళ్ళతో పోలిస్తే మనవాళ్ళు తక్కువమంది. అందుకని "సీక్యూ" అనగానే ఒక్కసారిగా మీద పడతారు. మావాడికి ఆ గోలలో చివర "కిలో" అన్న ముక్క మాత్రమే అందింది. "కిలో, మళ్ళీ చెప్పండి" అన్నాడు. కిలో లేనివాళ్ళు కూడా అరిచారు, వాళ్ళలో ఒకడైతే చెవులు పగిలేంత గట్టిగా వినిపిస్తున్నాడు. మావాడు కదల్లేదు, ఆ కిలోవాడి కాల్ సైన్ పూర్తిగా రాసుకున్నాకే వేరేవాళ్ళకి జవాబిచ్చాడు. అరిచినవాడికి ఒకసారి జవాబిచ్చామా, మరుక్షణం నుంచీ అందరూ అరుస్తారు. రెండో గంటకల్లా గుంపు దానంతటదే సద్దుకుంది.

ఈ ఓపిక ఆటకే పరిమితం కాదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళింది. అది పోటీ కాదు, అరుదైన చోటినుంచి ప్రపంచానికి కాంటాక్టులివ్వటం. పోర్ట్ బ్లెయిర్‌లో వీయూ4ఆర్‌బీఐ కోసం ప్రపంచమంతా ఎగబడింది. 26న సునామీ వచ్చింది. ఆవిడ కాంటాక్టులు ఆపేసి, అదే స్టేషన్నుంచి మెయిన్‌ల్యాండుకి కబుర్లు అందించటం మొదలుపెట్టారు. అన్నాళ్ళూ గుంపులోంచి ఒక్కొక్క గొంతూ ఏరిన చెవి అది.

పోటీల మీద ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఆ రెండు రోజులూ పెద్ద బ్యాండుల్లో మామూలు కబుర్లకి చోటుండదు. మైకు గెయిన్ పెంచి పక్క ఫ్రీక్వెన్సీల మీదికి చిమ్మేవాళ్ళకి నేనూ శత్రువునే.

కానీ కొత్తవాళ్ళని పోగొడుతోంది పోటీలు కాదు. ఆ పోటీకి కొన్ని నెలల ముందు మావాడు ఒక సాయంత్రం 40 మీటర్ల నెట్‌లో టర్ను రాకముందే మాట్లాడాడు. ఒక పెద్దాయన అందరూ వింటుండగా వాయించేశాడు. వాడు రెండు వారాలు రేడియో ముట్టలేదు. ఎయిర్ మీద పోలీసు పని చెయ్యకూడదన్నది కూడా ఆచారమే, అదెందుకో పెద్దవాళ్ళే ముందు మర్చిపోతారు. చెప్పాలంటే తర్వాత ఫోన్ చేసి చెప్పొచ్చు. పోటీలో ఎవడూ తిట్టడు, అంత తీరికుండదు. తప్పు పిలిస్తే జవాబు రాదంతే. కుర్రాడు అయిదు నిమిషాల్లో సర్దుకుంటాడు.

మావాడు 48 గంటల్లో నిద్రపోయింది పోను 130 చిల్లర కాంటాక్టులు చేశాడు. లాగ్ చెకింగులో ఎన్ని మిగిలాయో రిపోర్టు వచ్చాక నాకన్నా వాడే ముందు చూశాడు. లైసెన్సు లేనివాళ్ళు కూడా వినొచ్చు, బ్రౌజర్లో దొరికే వెబ్ఎస్‌డీఆర్ రిసీవర్లున్నాయి. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో శనివారం పొద్దున్నే 15 మీటర్ల బ్యాండు మీద పెట్టి, ఒక అరగంటలో ఎన్ని కాల్ సైన్లు పూర్తిగా రాసుకోగలరో చూడండి.