ఆ క్రియలకు కర్త ఎవరు?

ఆ మధ్య నా పరిశోధనా వ్యాసం ఒకటి ఇంగ్లీషు పత్రిక నుంచి తిరిగొచ్చింది. వాదన గురించి ఒక్క మాటా లేదు. అభ్యంతరమంతా క్రియల మీదే. 'సే' అన్నచోట 'ఆర్టిక్యులేట్', 'ఆస్క్' అన్నచోట 'ఇంటరాగేట్', 'పుట్ అప్ విత్' అన్నచోట 'నెగోషియేట్' అని మార్చమన్నారు. నా భాష 'అడ్వాన్స్‌డ్'గా లేదట.

మార్చాను. అచ్చయింది. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

నా వ్యాసంలోని స్త్రీ తాగొచ్చి కొట్టే మొగుడితో పదిహేనేళ్లు వేగింది. 'వేగింది' అనడంలోనే పొయ్యి మీది సెగ ఉంది. 'నెగోషియేట్' అనగానే ఇద్దరు సమానులు బల్లకి చెరోవైపు కూర్చుని మాట్లాడుకుంటున్న దృశ్యం కళ్లముందుకొస్తుంది. ఆమె ఇంట్లో అలాంటి బల్ల ఏనాడూ లేదు. 'ఇంటరాగేట్' పోలీసుల మాట. పితృస్వామ్యాన్ని 'నిలదీసే' మనకి ఠాణా భాష ఎందుకు?

ఇంగ్లీషు వద్దనడం నా ఉద్దేశం కాదు. సావిత్రిబాయి ఫూలే 1854 నాటి 'కావ్యఫులే'లో ఇంగ్లీషును తల్లిగా చూసింది. చదువు నిషేధించబడినవాళ్లకి ఆ భాష ఏమిచ్చిందో తెలియకుండా దాన్ని తీసిపారేయడం అగ్రకుల విలాసం. నా తగువు ఇంగ్లీషుతో కాదు, 'ఉన్నత స్థాయి' అనే కొలతతో.

పోటీపరీక్షల పదజాబితాలు చూడండి. మిటిగేట్, అమీలియరేట్, ఎగ్జాసర్‌బేట్ - అన్నీ కర్తా కర్మా లేకుండా వరసలో నిలబడి ఉంటాయి. ఎవరి బాధ, ఎవరు తగ్గించారు, ఎవరు పెంచారు? బట్టీపట్టేటప్పుడు ఆ ప్రశ్న రాదు. అలా నేర్చుకున్న క్రియలతోనే తర్వాత మనం స్త్రీల జీవితాలు రాస్తాం.

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు క్రియ 'చేయు'నో 'అవు'నో తోడు తెచ్చుకుంటుంది. 'రేప్ చేశాడు' అంటే నేరస్తుడు వాక్యంలో ఉంటాడు. 'రేప్ అయింది' అంటే వాన పడ్డట్టు అదంతట అదే జరిగిపోయిందన్నమాట. మన పత్రికల తెలుగూ తక్కువ తినలేదు. 'అత్యాచారానికి గురైంది' అన్న వాక్యంలో వాడెక్కడ? కాబట్టి ఇది భాషాశుద్ధి సమస్య కాదు. కర్తను దాచే అలవాటు ఏ భాషలో ఉన్నా ప్రమాదమే.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. 1989లో ఇంగ్లీషులో అది 'వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ' అయింది. 'తెలియడం' పోయి 'మేక్' వచ్చింది. బడిలో మొదట నేర్చుకునే క్రియ. కానీ దానిముందు 'వుయ్' ఉంది! ఆ కర్త వల్లే ఆ చిన్న క్రియకి అంత బలం. గాయత్రీ స్పివాక్ 1988లో సబాల్టర్న్ గురించి వేసిన ప్రసిద్ధ ప్రశ్నలో ఉన్నదీ 'స్పీక్' అన్న మామూలు మాటే.

మన విద్యార్థినులకి పెద్ద క్రియలు తప్పకుండా నేర్పుదాం. ఉద్యోగాలకీ, సీట్లకీ అవి కావాలి. కానీ ప్రతి క్రియనీ మూడు ప్రశ్నలు అడగడం కూడా నేర్పుదాం: ఎవరు చేశారు? ఎవరికి చేశారు? ఆ బాధ ఎంత? జవాబివ్వని క్రియ ఎంత పొడుగున్నా ఉన్నతం కాదు.

వచ్చే వ్యాసంలో ఆమె వేగిందనే రాస్తాను. తిప్పి పంపితే పంపనీండి.