ఖరగ్‌పూర్‌లో ఒక రోజు ఆగాలి
వలస పాలన నాటి పట్టణాలు చూడదలచిన తెలుగు యాత్రికులు భీమునిపట్నానికో, యానాంకో, పుదుచ్చేరికో వెళ్తారు గానీ, హౌరా–చెన్నై మార్గంలో తాము ఎన్నోసార్లు దాటిపోయే ఖరగ్‌పూర్‌లో దిగి ఒక పూర్తి రోజు తీరుబడిగా తిరగడం అంతకన్నా అవసరమైన యాత్ర. సముద్ర వర్తకం కోసం వెలసిన రేవు పట్టణాలకు భిన్నంగా, ఇది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే 1887లో ఏర్పడి తూర్పు, మధ్య భారతాల్లో రైలు మార్గాలు వేసిన కంపెనీ, తన కూడలి స్టేషను కోసం, మరమ్మతు కర్మాగారం కోసం పెంచిన ఊరు. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని తరలివచ్చిన తెలుగు కార్మికుల కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొంది, 2013లో గోరఖ్‌పూర్‌కు ఆ స్థానం వదిలిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఈ కొస నుంచి ఆ కొస వరకు నడిచి, గోల్‌బజార్ అంగళ్ల మధ్య బెంగాలీ, హిందీలతో కలగలిసి వినిపించే తెలుగును ఆలకించి, రైల్వే క్వార్టర్ల వీధులు దాటి హిజ్లీ చేరితే పరపాలన కాఠిన్యం కళ్లకు కడుతుంది. విచారణ లేకుండా రాజకీయ ఖైదీలను ఉంచిన అక్కడి నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న జరిగిన పోలీసు కాల్పులకు సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశపు తొలి ఐఐటీ ఆ భవనంలోనే ఊపిరి పోసుకుంది. ఈ ఊరిని చూసేటప్పుడు రైల్వే అధికారుల బంగళాలకిచ్చే గౌరవమే కార్మికుల ఇళ్లకు, బడులకు, గుళ్లకు కూడా దక్కాలి. తెలుగు విశ్వవిద్యాలయాలు పూనుకొని ఇక్కడి తెలుగు వృద్ధుల జ్ఞాపకాలను ఇప్పుడే నమోదు చేయకపోతే, తెలుగువారి వలస చరిత్రలో ఒక ప్రధాన అధ్యాయం రాయకుండానే చెరిగిపోతుంది.