మిగిలిన డబ్బు ఎవరి చేతికి?

కుటుంబమంతా నుమాయిష్‌కు వెళ్లాలంటే ముందు దారి ఖర్చు లెక్క చూస్తారు. లెక్క కుదరకపోతే ఇంట్లో ఉండిపోయేది స్త్రీయే. ‘మీరెళ్లి రండి, నాకు పనుంది’ అని ఆమె చేతే అనిపించి, దానికి త్యాగమని పేరు పెడతాం.

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన ఇప్పుడు ఏటా జనవరి, ఫిబ్రవరిలలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతోంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆ పాత లెక్క తలకిందులైంది. గుర్తింపు కార్డు చూపిస్తే తెలంగాణ స్త్రీలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు. అత్తా కోడలూ కూతురూ అబిడ్స్‌లో దిగి నడిచిపోవచ్చు. టికెట్టు కొనాల్సింది మగవాళ్లే. మెట్రో రైలెక్కితే మాత్రం అందరికీ ఖర్చే.

‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. మగవాడి షికారుకు కారణం అడగని సమాజం స్త్రీని మాత్రం ఆసుపత్రో, కూలిపనో, పెళ్లో చూపించమంటుంది. సబ్బు మీదా నూనె మీదా పన్ను కడుతున్న స్త్రీకి ఇది దానమెలా అవుతుంది? విశ్రాంతీ వినోదమూ ఆమె హక్కులే.

అయితే బస్సు ఉచితమైతే చాలదు. ప్రదర్శన ముగిసే రాత్రివేళ ఇంటికి చేర్చే బస్సులుండాలి, శుభ్రమైన మరుగుదొడ్లుండాలి. ఛార్జీల్లో మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా ఆమె చేతిలోనే ఉండాలి. మన సంఘాల సమావేశాల్లో ఈ మూడింటినీ చర్చకు పెడదాం.